అంచు మునక

చేపలక్క కన్ను పోయిన రోజున ఆమె చేతిలో ఉన్నది మునకల పిన్ని ముద్ర ఉన్న కత్తి.

బజారులో తడి రాతిబల్ల మీద చెయ్యంత పొడుగు చేప పడి ఉంది. తల తీసేశాక, వెన్నెముక కణుపులోకి కత్తి దించి, చేపలక్క ఎప్పటిలాగే మణికట్టు ఒక్క తిప్పు తిప్పింది. ఏళ్ళ తరబడి ఆ తిప్పుకు కణుపు విడివడేది. ఆ రోజు కణుపు నిలిచింది, కత్తి విరిగింది. మొన వైపు ముక్క ఎగిరొచ్చి ఎడమ కంట్లో దిగింది. ఆసుపత్రిలో చెయ్యగలిగిందంతా చేశారు. కన్ను మాత్రం దక్కలేదు.

కబురు వచ్చేసరికి పిన్ని కొలిమి తలుపులు మూసుకుని పనిలో ఉంది. పట్టపగలు తలుపులు బిగించి, కిటికీకి గోనెపట్టా దించి చీకటి చేసుకోవడం ఆమె పనిలో భాగం. వెలుతురులో కాగిన ఉక్కు రంగు సరిగ్గా తెలియదు. చీకట్లో అయితే ఎరుపు ఎక్కడ ఆగిందో, నారింజ ఎక్కడ మొదలైందో చక్కగా కనిపిస్తుంది. పక్కనే టీకొట్టు నడిపే బాబాయి వచ్చి తలుపు దబదబా బాదాడు.

"పిన్నీ, తలుపు తియ్యి. చేపలక్కకి దెబ్బ తగిలింది. నీ కత్తే విరిగిందట."

పట్టకారు చివర ఉన్న కత్తి రంగు మొత్తం దిగిపోయేదాకా ఆమె అలాగే నిలబడిపోయింది. తర్వాత దాన్ని బూడిదలో పెట్టి తలుపు తీసింది.

ఆమెను పిన్నిని చేసింది ఆ వీధి. రక్తసంబంధంలో ఎవరికీ పిన్ని కాదు, పిలుపులో అందరికీ పిన్నే. ముందున్న "మునకల" అన్న మాట తండ్రి తగిలించినది. కొలిమి ఆయనదే. కొడుక్కి సమ్మెట, కూతురికి మునక అని ఆయన పని పంచి ఇచ్చాడు. ఉక్కును సాగగొట్టి కత్తి ఆకారానికి తెచ్చేది అన్నయ్య. ఆ ఆకారం కత్తి అయ్యేది మునకలో. ఎర్రగా కాగిన ఉక్కును నూనెలో ముంచితే ఒక్కసారిగా గట్టిపడుతుంది. ముంచకపోతే అది వట్టి ఇనపపట్టీ. ఎంత సానపట్టినా సాయంత్రానికి మొద్దుబారుతుంది.

ఆ ముంచడంలో రెండు పద్ధతులున్నాయి. కత్తిని మొత్తంగా నూనెలోకి దించేస్తే నిండు మునక. వేలి వెడల్పున అంచు మాత్రమే నూనెకు తగిలించి, వెన్నును బయటే ఉంచితే అంచు మునక. నిండు మునక పడిన కత్తి ఆ చివర నుంచి ఈ చివరి దాకా ఒకటే గట్టి. అంచు మునక పడిన కత్తికి అంచు గట్టి, వెన్ను మెత్తన. రెండోది చెయ్యడం కష్టం. చెయ్యి కుదురుగా ఉండాలి. పిడి వైపు నుంచి మొన వైపుకు ఊయలలా మెల్లగా ఊపుతూ ఉండాలి. ఒకేచోట ఆపితే అక్కడే చిట్లుతుంది.

తండ్రి అంచు మునక మనిషి. "మా దగ్గర ఎవర్నీ నిండా ముంచం బాబూ, అంచు వరకే" అని కత్తులు కొనేవాళ్ళతో వేళాకోళమాడేవాడు. కొత్తగా విన్నవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. అన్నయ్య మాత్రం, "నాన్నా, ఆ మాట అరిగిపోయింది, దానికి సానపట్టు" అనేవాడు.

అన్నయ్యకు మొదటి నుంచీ నిండు మునక మీద మనసు. అతని వాదనలో పస లేకపోలేదు. ఒకసారి రెండు రకాల కత్తులూ పక్కపక్కన వైసులో బిగించి పరీక్ష పెట్టాడు. నిండు మునక కత్తిని వంచి వదిలితే టింగుమని వెనక్కి వచ్చి నిటారుగా నిలిచింది. అంచు మునక కత్తిని అంతే వంచి వదిలితే వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"చూశావా నాన్నా? నాది లేచి నిలబడింది. నీది తలొంచుకుని ఉంది."

"ఇంకా వంచరా."

ఇంకా వంచితే నిండు మునక కత్తి ఫట్టుమని విరిగి గోడకు కొట్టుకుంది. అంచు మునక కత్తి అంచు కాస్త బీటలు వారినా, కొంకిలా వంగి ఒకే ముక్కగా మిగిలింది.

"వంగినదాన్ని సుత్తితో సరిచేసుకుంటాను. దాన్నేం చేస్తావు?" అన్నాడు తండ్రి.

"అంతలా ఎవడు వంచుతాడు నాన్నా?"

"ఎవడు వంచుతాడో నాకూ తెలీదు. అందుకే నా భయం."

పిన్నికి ఇద్దరి మాటా సబబుగానే తోచింది. నిండు మునక చెడ్డదేమీ కాదు. కాకపోతే దానికి ఓపిక కావాలి. నూనెలోంచి తీసిన ఉక్కు గాజుతో సమానం. దాన్ని మళ్ళీ సన్నని వేడి మీద, ఎండుగడ్డి రంగు తిరిగేదాకా నింపాదిగా కాచాలి. అప్పుడే ఆ పెళుసుదనం పోతుంది. అంచు మునకలోనూ ఆ రెండో కాపు ఉంటుంది కానీ, అది అటూ ఇటూ అయినా మెత్తటి వెన్ను కాపాడుతుంది. నిండు మునకలో కాపాడేవాళ్ళెవరూ ఉండరు.

ఇక కత్తుల మీది నువ్వుగింజ ముద్ర సంగతి. కొట్టు పేరు ఉన్న ముద్రను అన్నయ్య పిడి దగ్గర, ఉక్కు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే వేసేవాడు. నువ్వుగింజ ముద్ర పిన్నిది. కత్తి మునిగి, రెండోసారి కాగి, సానకెక్కి దిగాక ఆమె దాన్ని వైసులో పెట్టి కొద్దిగా వంచి చూసేది. అంచు మీద చిన్న బీట కూడా లేదని తేలాక సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి వెన్ను మీద గింజ వేసేది. పరీక్ష నెగ్గితేనే గింజ. తండ్రి పోయాక కూడా ఆ పద్ధతి మారలేదు. కత్తి కొనేవాళ్ళు ముందు వెన్ను తడిమి "గింజ ఉందా?" అని అడిగేవాళ్ళు. ఉంటే బేరం ఆడేవాళ్ళు కాదు.

ఆసుపత్రి వరండాలో, చెక్కబల్ల మీద పక్కన కూర్చుని అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మనసులో ఏం పెట్టుకోకు అమ్మాయ్. మునక కాస్త లోతుగా పడి ఉంటుంది. వెన్నుదాకా నూనె తగిలి ఉంటుంది. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి తప్పుతుంది."

"నాకు గుర్తుంది అన్నయ్యా. పెద్దమ్మకి ఒంట్లో బాలేదని వెళ్ళానే, దానికి ముందు రోజు అక్క కత్తి ముంచాను. వంచి చూశాను. గింజ కూడా వేశాను."

"గుర్తుండే ఉంటుంది. నీ కళ్ళకి సరిగ్గానే కనబడి ఉంటుంది కూడా." అతను గొంతు తగ్గించాడు. "మన వయసేమన్నా తక్కువా? చీకట్లో చూపు ముందులా ఆనదు. నేనైతే ఎవరి దగ్గరా అనను. నువ్వూ అనకు."

ఆ మాటతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా అతని చెయ్యి తన భుజం మీద ఉన్నందుకు ఊరటగానే ఉంది. తర్వాత అతనే ఆమెను వెంటబెట్టుకుని కళ్ళద్దాల కొట్టుకు తీసుకెళ్ళాడు. కొట్టతను అక్షరాల అట్ట చదివించి, "పెద్దగా ఏం లేదండీ, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటే" అన్నాడు. "పెట్టెయ్యండి" అన్నాడు అన్నయ్య. మంచి చట్రం ఏరి కొనిపెట్టాడు.

ఎవరి దగ్గరా అననని అన్నయ్య అన్నాడు గానీ, టీకొట్టు దగ్గర మాట పుట్టనే పుట్టింది.

"అంచు వరకే, అంచు వరకే అని చివరికి నిండా ముంచారు కదయ్యా" అన్నాడొకడు గ్లాసు ఊదుకుంటూ.

"నువ్వు తాగింది చాలు, లే" అని బాబాయి అతని చేతిలో సగం గ్లాసు లాక్కుని పారబోశాడు. కొలిమి గోడకు అవతల కూర్చున్న పిన్నికి మాటా వినబడింది, నేల మీద టీ పడిన చప్పుడూ వినబడింది.

ఆమె చేపలక్క ఇంటికి వెళ్ళింది. చేపలక్క కట్టుతో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్ద గొంతు మనిషి. బజారులో ఈ చివర అరిస్తే ఆ చివర పిల్లులు లేచేవి. ఆ రోజు చాలా చిన్న గొంతుతో, "కూచో" అంది.

"అక్కా, తప్పు నాదే" అంది పిన్ని.

"నీ మునక తప్పిందా?"

"తప్పింది."

"ఇంకెవరైనా అయితే కొప్పు పట్టుకుని బజారుకి ఈడ్చేదాన్ని" అంది చేపలక్క. "మీ అన్నయ్య చేతిలో జరిగినా ఊరుకునేదాన్ని కాదు. నీ చేతిలో జరిగింది. ఏం చెయ్యను? సరిపెట్టుకుంటాను." పిన్ని కళ్ళు తుడుచుకోవడం చూసి మళ్ళీ అంది, "ఏడవకే. ఉన్నదొక్క కన్ను. దాంతో నీ ఏడుపు మొహం చూడాలా?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతో పిన్ని లోపల ఏదో మరింత బరువెక్కింది.

ఆ తర్వాత ఆమె మునక మానేసింది. అన్నయ్య కరెంటు కొలిమి ఒకటి, లోతైన నూనె పీపా ఒకటి తెప్పించాడు. "ఇకనుంచి అన్నీ నిండు మునకే. యంత్రం లెక్కగా కాస్తుంది, మన కళ్ళతో పన్లేదు" అన్నాడు. పిన్ని ఒక మూల కూర్చుని పిడులు అమర్చేది. చెక్కలో గాడి తియ్యడానికి అన్నయ్య ఆమెకొక సన్న ఉలి చేసి ఇచ్చాడు. అంచు బాగా నిలిచే ఉలి. అంతకుముందే అతను హోటళ్ళకూ ఇళ్ళకూ తిరిగి, కొత్తగా కొన్న కత్తులన్నీ వెనక్కి తెచ్చి, "ఊరికే సానపట్టి ఇస్తాం" అని పట్టి ఇచ్చి వచ్చాడు. "జరిగినదానికి పాపం మీ అన్నయ్య అలా మంచి చేసుకుంటున్నాడు" అని జనం మెచ్చుకున్నారు. పిన్ని కూడా మనసులో అతనికి దణ్ణం పెట్టుకుంది. తన తప్పును అతను మోస్తున్నాడనుకుంది.

కట్టు విప్పాక చేపలక్క మళ్ళీ బజారుకెక్కింది. ఒకనాడు పాత గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి పిన్ని ఒళ్ళో పెట్టింది. విరిగిన కత్తిలో పిడి వైపు భాగం అది.

"పారేద్దామంటే మనసొప్పలేదే. పిడి నా చేతికి అలవాటు పడిపోయింది. ఇందులో చిన్న కత్తి ఏదన్నా వస్తుందేమో చూసి చేసి పెట్టు. మొప్పలు తీసుకుంటాను."

"నన్నే చెయ్యమంటావా అక్కా?"

"మరి ఎవర్ని చెయ్యమంటాను? చూపు ఆనకపోతే తడిమి చెయ్యి. నేను అలాగే చేస్తున్నా."

పిన్ని దాన్ని గోడకున్న చెక్క పలక మీద పెట్టి, చాలాకాలం దాని వంక చూడలేదు. చివరికి అన్నయ్య ఉక్కు కొనడానికి పొరుగూరు వెళ్ళిన మధ్యాహ్నం గుడ్డ విప్పింది.

విరిగిన చోటుని కొత్త మొనగా దిద్దాలంటే ముందు వెన్నును ఏటవాలుగా అరగదియ్యాలి. ఆకురాయి తీసుకుని వెన్ను మీద ఒక్క తోపు తోసింది. ఆకురాయి కరవలేదు. కీచుమంటూ గాజు మీద జారినట్టు జారిపోయింది. ఆకురాయి అరిగిపోయిందనుకుని కొత్తది తీసింది. అదీ జారింది. అంచు మీద తోసింది. అక్కడా జారింది. అంచు మీద జారాల్సిందే. వెన్ను మీద మాత్రం పొడి రాలాలి. అంచు మునకలో వెన్ను మెత్తన.

లోతుగా పడిన మునక వెన్ను సగం దాకా పాకుతుంది. వెన్ను చివరి దాకా ఎలా పాకుతుంది? పాకాలంటే కత్తిని మొత్తంగా నూనెలోకి వదిలెయ్యాలి.

ఆమె కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. కత్తి పక్క భాగాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దింది. నిమ్మకాయ కోసి దాని మీద రసం పులిమి ఆగింది. తన కత్తి అయితే అంచు పొడుగునా, ఇసక మీద నీళ్ళు వచ్చి వెనక్కి పోయినచోట మిగిలే తడి గీత లాంటిది తేలుతుంది. కింద ఒక రంగు, పైన ఇంకో రంగు. ఇక్కడ గీత లేదు. మొత్తం ఒకే బూడిదరంగు తిరిగింది.

అప్పుడు వెన్ను తిప్పి గింజను చూసింది. తన గింజ సాన అయిపోయాక పడుతుంది కనక దాని అడుగు తళుక్కుమంటూ ఉంటుంది. ఈ గింజ అడుగున నల్లగా, కొలిమి మసి కరుచుకుని ఉంది. గింజ వేశాకే ఈ ఉక్కు నిప్పులోకి వెళ్ళింది.

ఆమె లేచి, తన ముద్ర ఉలిని పెట్టెలోంచి తీసి, ఆ గింజ పక్కనే ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. ముద్ర ఉలి మూతి చిట్లింది. ఉక్కు మీద గీత కూడా పడలేదు.

అన్నయ్య వచ్చేసరికి పొద్దు వాలింది. భుజం మీది ఉక్కు పట్టీలు కింద దించి, చొక్కా దులుపుకుంటూ బల్ల వైపు చూశాడు. కత్తి, ఆకురాళ్ళు రెండు, పిండేసిన నిమ్మచెక్క, మూతి చిట్లిన ముద్ర ఉలి. అతను వాటన్నిటినీ ఒకసారి చూసి, కూజా దగ్గరకు వెళ్ళి గ్లాసెడు నీళ్ళు తాగాడు. రెండో గ్లాసు కూడా తాగాడు.

"ఇది నాది కాదు" అంది పిన్ని.

"ఏది?"

"నిండు మునక ఇది. గీత లేదు."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వప్పుడు పెద్దమ్మ దగ్గరున్నావు. హోటలువాళ్ళు పీకల మీద కూచున్నారు. ఇప్పటికిప్పుడు కావాలన్నారు. నువ్వు లేకుండా అంచు మునక నావల్ల ఎక్కడవుతుంది? కొన్ని నేనే నిండుగా ముంచేశాను. అంతలో చేపలక్క తన కత్తి కోసం వచ్చి కూచుంది."

"నాది సిద్ధంగా ఉంది కదా. పలక మీదే పెట్టి వెళ్ళాను."

"ఉంది. కానీ..." అతను అరచేతులు చూసుకున్నాడు. "అంతకుముందే నీదీ నాదీ పక్కపక్కన పెట్టి ఎంత వంగుతాయో చూద్దామని వైసులో పెట్టాను. నీది మరీ వంచేశాను. అంచు చిట్లింది. ఆవిడ చూస్తే వాకిట్లో కూచుంది. ఏం చెయ్యాలో తోచలేదు. అప్పటికప్పుడు చేతికందింది ఇచ్చేశాను. గింజేది అని అడుగుతుంది కదా, గబుక్కున ఒక దెబ్బ వేసి..."

"గట్టిపడ్డాక గింజ పడదు అన్నయ్యా."

అవతల టీకొట్టులో బాబాయి గ్లాసులు కడుగుతున్నాడు. అన్నయ్య చిట్లిన ముద్ర ఉలి చేతిలోకి తీసుకుని, వేలితో దాని మూతి తడిమి, మళ్ళీ పెట్టేశాడు.

"ముంచకముందే వేశావు. చేపలక్క వచ్చేదాకా ఆగలేదు. అన్నిటికీ వేశావా?"

"వేశాను."

"ఎందుకు?"

అతను అప్పుడు గొంతు పెంచాడు. "ఎందుకేమిటి? గింజ లేని కత్తి ఎవడు ముట్టుకుంటున్నాడు? చిన్నప్పటి నుంచీ సమ్మెట ఎత్తింది నేను. ఈ భుజం చూడు, పైకి లేవదు. సాగగొట్టింది నేను, సానపట్టింది నేను. చివర్లో నువ్వొచ్చి ఇంత గింజ వేస్తావు, కత్తి నీదైపోతుంది. నిండు మునకతో చేసింది కూడా బాగుంటుందని ఒక్కసారి జనం చేతికిచ్చి చూపిద్దామనుకున్నాను. బాగుందన్నాక చెబుదామనుకున్నాను, అది నాదని."

"బాగానే ఉండేది" అంది పిన్ని. అది వెటకారం కాదు. "రెండో కాపు సరిగ్గా కాచి ఉంటే బాగానే ఉండేది. కాచావా?"

"కాచాను."

ఆమె కత్తి ముక్కను అతని ముందుకు జరిపింది.

"సగం కాచాను" అన్నాడు. "హోటలువాళ్ళ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు."

"తర్వాత ఊరికే సానపడతానని ఇల్లిల్లూ తిరిగావే, అది?"

"వాటిని వెనక్కి తెచ్చి సరిగ్గా కాచి ఇచ్చాను. ఇంకెవరికీ ఏమీ కాకూడదని."

"అంటే మొదటి రోజే తెలుసు నీకు."

"తెలుసు."

"ఆసుపత్రి బల్ల మీద కూచున్నప్పుడు?"

"తెలుసన్నాను కదా."

"కళ్ళద్దాలు కొనిపెట్టినప్పుడు?"

అతను వంగి, కింద దించిన ఉక్కు పట్టీలు సర్దసాగాడు.

పిన్నికి అరవాలనిపించింది. గొంతులోంచి వచ్చింది మాత్రం మామూలు ప్రశ్నే. "నేను చేసిన కత్తి ఏమైంది?"

అన్నయ్య తల ఎత్తకుండా, పిడుల పెట్టె వైపు చెయ్యి చూపించాడు. ఇన్నాళ్ళూ ఆమె గాడులు తీస్తున్న సన్న ఉలి అక్కడ ఉంది. ఆమె దాన్ని తీసి చూసింది. మంచి అంచు. ఎంత చెక్కినా మొద్దుబారదేమిటా అని ఒకటి రెండుసార్లు అనుకుంది కూడా. తన కత్తే ఉలిగా మారి రోజూ తన చేతిలోనే ఉంది. పోల్చుకోలేకపోయింది.

"ఇప్పుడు చెబితే ఏమొస్తుంది అమ్మాయ్?" అన్నాడు అన్నయ్య మెల్లగా. "కన్ను తిరిగొస్తుందా? నువ్వు కాబట్టి ఆవిడ సరిపెట్టుకుంది. నువ్వంటే ప్రాణం. నేనని తెలిస్తే సరిపెట్టుకుంటుందా? వీధిలో తలెత్తుకుని తిరగనిస్తుందా?"

"నేను తలెత్తుకునే తిరుగుతున్నానా?"

"నీ సంగతి వేరు."

ఆ మాట దగ్గర ఆమె లేచి మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళిపోయింది. వండింది తినలేదు. కింద కొలిమి దగ్గర అన్నయ్య చాలాసేపు ఏవో సర్దుతున్న చప్పుళ్ళు వినబడ్డాయి. తండ్రి పోయాక ఈ ఇంట్లో తనకు మిగిలిన మనిషి అతనొక్కడే అని ఆమె ఎప్పుడూ చెప్పుకునేది. ఆసుపత్రి వరండాలో భుజం మీద పడిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఆ ఓదార్పు ఒక్కటి లేకపోయి ఉంటే, మిగిలినవన్నీ ఏదో ఒకనాటికి క్షమించి ఉండేదేమో అనుకుంది.

మర్నాడు పొద్దున్నే కత్తి ముక్కా, ఆకురాయీ సంచిలో వేసుకుని బజారుకు వెళ్ళింది. చేపలక్క పీట మీద కూర్చుని, తల పూర్తిగా ఎడమకు తిప్పి చేప పొలుసు తీస్తోంది. ఒంటికన్నుతో చూడడానికి అలా తిప్పాల్సి వస్తోంది.

"ఏమే పిన్నీ, అయిపోయిందా నా కత్తి?"

"లేదక్కా. ఒక మాట చెప్పడానికొచ్చాను."

చెప్పింది. ఉన్నదున్నట్టు, అన్నయ్య మాటలతో సహా, ఎక్కడా పెంచకుండా చెప్పింది. చేపలక్క చేతులు ఆగలేదు. పొలుసు తీసి, కడుపు కోసి, బల్ల మీద నీళ్ళు కుమ్మరించింది. పిన్ని సంచిలోంచి ఆకురాయి తీసి కత్తి వెన్ను మీద తోసి చూపించింది.

"చూడక్కా, జారుతోంది. నాదైతే కరవాలి. ఇదిగో ఈ గింజ అడుగున మసి..."

"నాకు అదంతా ఏం తెలుస్తుందే" అంది చేపలక్క. "నేను ఎప్పుడైనా ఉక్కు చూసి కత్తి కొన్నానా? నిన్ను చూసి కొన్నాను."

పిన్ని ఆకురాయి ఆపేసింది.

చేపలక్క చేతులు తుడుచుకుని, తల తిప్పి ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "ఆ రోజు నా మంచం పక్కన కూచుని తప్పు నాదే అన్నావు. నీ మొహం చూసి నమ్మాను. ఇవాళ కాదంటున్నావు. ఇదీ నీ మొహం చూసే నమ్మాలా?"

"ఆ రోజు నాకు తెలీదక్కా."

"తెలీకుండా ఎలా ఒప్పుకున్నావే? నా కన్ను పోయిందే! అది పిడి ఊడిపోవడం లాంటిదా? తెలీకుండానే తెలిసినట్టు చెప్పేశావా?"

"అన్నయ్య అన్నాడని..."

"అన్నయ్య అన్నాడని." చేపలక్క ఆ మాటను తిరిగి పలికింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది పిన్నికి. "బజారంతా నిన్ను అంటుంటే ఒక్కొక్కడి నోరూ మూయించాను. తప్పు చేసినా ఒప్పుకుంది, అది మనిషి అని చెప్పాను. ఇప్పుడేమని చెప్పను? అప్పుడు అబద్ధమాడిందనా, ఇప్పుడు ఆడుతోందనా?"

ఎవరో వచ్చి చేప ధర అడిగారు. చేపలక్క చెప్పింది. తూచి ఇచ్చింది. వాళ్ళు వెళ్ళేదాకా పిన్ని పక్కనే నిలబడింది.

"మీ అన్నయ్యని రమ్మను" అంది చేపలక్క, ఇంకో చేప బల్ల మీదకు లాగుతూ. "వాడొచ్చి నా ఎదురుగా నిలబడి వాడి నోటితో చెబితే నమ్ముతాను. తిట్టను, కొట్టను, బజారుకెక్కించను. చెప్పమను. అంతే. అప్పటిదాకా ఆ ముక్క నీ దగ్గరే ఉంచు."

పిన్ని ఇంటికొచ్చి ఆ మాట ఆ మాటగానే చెప్పింది. తిట్టదట, కొట్టదట అని కూడా చెప్పింది. అన్నయ్య తలూపి, "వెళ్తాలే" అన్నాడు. ఒకటి రెండుసార్లు ఉతికిన చొక్కా వేసుకుని వీధి మలుపుదాకా వెళ్ళి, టీ తాగి వెనక్కి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె అతని మొహం చూసింది. అడగలేదు. అతనూ చెప్పలేదు. కొలిమి పని జరుగుతోంది. భోజనాల దగ్గర ఒకరికొకరు గిన్నెలు అందించుకుంటూనే ఉన్నారు.

అన్నయ్య ఇంకా చేపలక్క దగ్గరికి వెళ్ళలేదు.